రక్తనాళములలో సున్నము

మెట్ట గ్రామములలో బావినీరు కాచిన గిన్నెను పరిశీలించినచో దాని యడుగున తెల్లని పెచ్చు కట్టియుండుట కానవచ్చును. నీటిలో కరగియున్న సున్నము కాగినప్పుడు విడివడి పాత్రకు అంటుకొనును. వైద్యుడు ఒక వృద్ధునితో “మీ రక్తనాళములలో సున్నము చేరినది” అని చెప్పగనే ఇంటివారి మనస్సునకు తట్టునది ఈ గిన్నెయే. వెంటనే తాతగారి తాంబూలములో సున్నము మాన్పింతురు; పిమ్మట పాలు, పెరుగు, రాగిజావ తగ్గింతురు. నాళము గిన్నెవంటిదనియు, తిన్న సున్నమే దానిలో పెచ్చు కట్టినదనియు వారి నమ్మకము. ఉపమానము సొంపుగనే యున్నది గాని తప్పు. ఆ తప్పువలన ముసలివారి యెముకలకు హాని కలుగుచున్నది గనుక ఈ సంగతిని కొంత విపులముగ వ్రాయదలచితిని.

పెద్దవాని దేహమునందు సుమారు ఒక కిలోగ్రాము కాల్షియము కలదు. సున్నమునకు మూలమైన లోహ మిదియే. దీనిలో నూటికి 99 పాళ్లు ఎముకలలోను దంతములలోను ఉండును. రక్తమునందున్నది అత్యల్పము, నూరు మిల్లీలీటర్లకు 9 లేక 10 మిల్లీగ్రాములు మాత్రమే. కంఠమునందలి నాలుగు చిన్న గ్రంథులును, మూత్రపిండములును, ఎముకలును కలిసి ఈ పరిమాణమును కాపాడుచుండును. ఒకపూట పాలు అధికముగ త్రాగినంతమాత్రమున అది పెరిగిపోదు. పాలు మానినను రక్తము తన పాలు తాను విడువదు. కొరవడినదానిని ఎముకలనుండి లాగికొనును. తాతగారికి పాలు మాన్పించిన ఫలము, ఆయన స్నానపు గదిలో జారిపడి తుంటి యెముక విరుగగొట్టుకొన్ననాడు తెలియును.

అట్లయిన నాళములలో సున్నము చేరుట యెట్లు? ధమని కేవలము గొట్టము కాదు. మూడు పొరలుగల సజీవమైన గోడ. లోపొర సన్ననిది. నడిమిపొరయందు కండకణములును సాగు నారలును ఉండును. వెలిపొర ఆధారముగ నుండును. లోపొర క్రింద కొలెస్టరాలు చేరి వాపు పుట్టి, కణములు చచ్చిన చోట సున్నపు రేణువులు మొలచుట ఒక విధము. గుండెపోటునకు దారితీయు గడ్డలలో కనబడున దిదియే. నడిమిపొరయే ముంగండ్లవలె వలయములు వలయములుగ గట్టిపడుట రెండవ విధము. దీనిని జర్మను వైద్యుడు మెంకెబెర్గు 1903లో వర్ణించెను. వార్ధక్యమునందును, మధుమేహమునందును, మూత్రపిండవ్యాధియందును ఇది మెండు. మణికట్టునందు నాడి చూచునప్పుడు కొందరు ముసలివారి నాళము త్రాడువలె వ్రేలికి తగులుట దీనివలననే.

ఈ రెండిటియందును విశేషమేమనగా, గోడలోని కండకణములు తమ వృత్తిని విడిచి ఎముకను కట్టు కణముల వృత్తి నవలంబించును. అచ్చట చేరునది గిన్నెలోని పెచ్చు కాదు. ఎముకలోనున్న కాల్షియము, భాస్వరముల సమ్మేళనమే. అనగా దేహము తగని తావున ఎముకను కట్టుచున్నదన్నమాట. ఇట్లు జరుగకుండ గోడయే కొన్ని కావలి పదార్థములను తయారుచేయును. వానిలో మాట్రిక్స్ గ్లా ప్రోటీను ముఖ్యమైనది. 1997లో ఈ ప్రోటీను లేకుండ పుట్టించిన చుంచులను పరీక్షింపగా వాని ధమనులు ఎముకవలె మారి, రెండు నెలలలోపల పగిలి, అవి చనిపోయినవి. తిండి మారలేదు, కావలి లేకపోయినది. ఆ ప్రోటీను పనిచేయుటకు కె విటమిను కావలెను. అది మన తోటకూర, మునగాకు మొదలైన ఆకుకూరలలో నున్నది. ఆకుకూరలు తిన్నచో ఇదివరకే గట్టిపడిన సున్నము కరగునని మాత్రము రుజువు కాలేదు.

నాళము బిరుసెక్కినచో గుండె కొట్టిన ప్రతి దెబ్బకు అది సాగలేదు. అందువలన రక్తపు పోటులో పైయంకె పెరుగును, గుండెకు శ్రమ హెచ్చును.

వయస్సు మీరిన ప్రతివానికిని ఇది తప్పదా? ఈ ప్రశ్నకు మన దాయాదులైన వానరములు కొంత సమాధాన మిచ్చినవి. ఆంధ్రదేశమందును కానవచ్చు రీసస్ కోతులకు కొలెస్టరాలు మెండుగాగల మేత పెట్టినచో గుండె ధమనులలో క్రొవ్వు గడ్డలు కట్టును. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు అట్టి కోతులకు మేత మార్చి చూడగా గడ్డలు తగ్గినవని 1970లో ప్రకటించిరి. చింపాంజీల సంగతి వేరు. బంధింపబడిన చింపాంజీల రక్తములో కొలెస్టరాలు తరచు మనకంటె నెక్కువ. అయినను వాని గుండెజబ్బు సాధారణముగ గుండెకండ నారకట్టుటయే గాని నాళములు మూసికొనుట కాదని 2009లో పరిశోధకులు చూపిరి.

మనుష్యులలోను భేదములున్నవి. 2013లో 137 ప్రాచీన మృతదేహములను పరీక్షించినప్పుడు వానిలో 47 దేహముల ధమనులయందు ఈ వ్యాధి చిహ్నములు కానవచ్చినవి. కాబట్టి ఇది కేవలము నేటి నాగరకతవలన పుట్టినదనుట సరికాదు. మరి 2017లో బొలీవియా దేశపు అడవులలో సేద్యము, వేట, చేపలు పట్టుటలచే జీవించు చిమానే జాతివారిలో 40 ఏండ్లు దాటిన 705 మందిని పరీక్షింపగా నూటికి 85 మంది గుండె ధమనులలో సున్నము బొత్తిగా లేదు. చుట్ట, సిగరెట్టు, మధుమేహము, రక్తపు పోటు, కదలని జీవితము, ఇవి మన పట్టణములలో వయస్సునకు తోడగుచున్నవి. చుట్ట మానలేని తాతగారికి పాలు మాన్పించుట నాకు వింతగ తోచును. తాంబూలము సంగతియు నంతే: దానిలో భయపడవలసినది వక్కయు పొగాకును, అవి నోటి క్యాన్సరునకు కారణములు.

ఆహారములోని కాల్షియమువలన నాళములు గట్టిపడునని పరిశోధనలలో తేలలేదు. మాత్రల రూపమున అధికముగ మ్రింగుట విషయమున మాత్రము వైద్యులలో అభిప్రాయభేదము కలదు. కనుక వాని నడిగియే వాడవలెను.

ఒక్క తెగ రోగులకు ఈ మాట వర్తింపదు. విజయవాడకు ఉత్తరమున ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండవ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్నది. అచ్చటికి కృష్ణాజలములను గొట్టములద్వారా అందించు ప్రయత్నము జరిగినది. మూత్రపిండములు చెడినచో భాస్వరము బయటికి పోక రక్తమునందు నిలిచిపోవును. ఆ భాస్వరమే కండకణములను ఎముక వృత్తికి పురికొల్పును. అందుచే అట్టివారిలో నడివయస్సుననే ధమనులు గట్టిపడి, ప్రాణము తీయునది తరచు గుండెజబ్బగుచున్నది. రక్తమునందలి భాస్వరమును నీలిరంగు చిక్కదనమునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కెతో కలిసి ప్రకటించినవారు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. జీవరసాయనశాస్త్ర విద్యార్థులు నేటికిని ఆ పద్ధతిని నేర్చుచున్నారు. ఈ కొలత హెచ్చుగనున్న రోగికి వైద్యుడు పాలు తగ్గింపుమని చెప్పును. అచ్చట ఆయన భయపడుచున్నది పాలలోని సున్నమునకు కాదు, దానితో కూడియున్న భాస్వరమునకు.