ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఉపకార వేతనములు

ఒంగోలులో పూటకూళ్ళు నడుపుకొను ఒక ఇంట తండ్రిలేని బాలుడొకడు మిడిల్ స్కూలు పరీక్షకు సిద్ధపడెను. పరీక్షకు కట్టవలసిన రుసుము మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు ఇంట లేవు. అడిగిన చోట పుట్టలేదు. తుదకు తల్లి తన పట్టుచీరను కుదువబెట్టి ఆ రుసుము కట్టించెను. ఆమె సుబ్బమ్మగారు. ఆ బాలుడు 1872లో వినోదరాయునిపాలెమున జన్మించి, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఆయన పేరనే ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా యని పేరు వచ్చినది.

పంతులుగారి స్వీయచరిత్రలో మరియొకరు కూడ కనిపింతురు. ఆయన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు, ఒంగోలు మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయులు. ఈ పిల్లవానిలో పస యున్నదని గుర్తించి, తాము రాజమహేంద్రవరమునకు వెళ్ళునపుడు వెంటబెట్టుకొని పోయి చదివించిరి. పై చదువునకు దారి తెలియని ఇంటికి దారి తెలిసినవారొకరు తోడైరి. అంతియే జరిగినది, దానితోనే ఒక జీవితము మారినది.

ఈ రెండు సంగతులను మేమిచట చెప్పుటకు కారణము కలదు. నేడు ఏ తల్లియు పరీక్ష రుసుమునకై పట్టుచీర కుదువబెట్టనక్కరలేదు. బీద విద్యార్థికై కేటాయించిన ధనము కలదు. కాని నాయుడుగారి వంటి వారి అవసరము మాత్రము తీరలేదు. మార్కులు చాలక వేతనము పోగొట్టుకొను పిల్లలు కొందరుందురు. వేళకు తెలియక, కాగితములు సరిపడక పోగొట్టుకొనువారిని చూచినపుడే మనస్సుకు ఎక్కువ కష్టము తోచును.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్ట గ్రామములలో ఈ చిక్కు మరింత హెచ్చు. ఇచటి సంవత్సరము పాఠశాల గంటతోగాక పంటతో నడచును. దసరా దాటినది మొదలు సంక్రాంతి వరకు పత్తి తీతలు. సంక్రాంతి వెళ్ళినది మొదలు ఎండలు ముదురువరకు మిరపకాయ కోతలు. కర్నూలు పడమటి గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములే పిల్లలతో కూడ మిరప కోతలకు గుంటూరు ప్రాంతమునకు వలస వచ్చును. కౌలుకు చేసిన రైతు ఇంట కూలీ ఖర్చు తగ్గించుకొనుటకు బడిపిల్లలను చేలోనికి దింపుటయు కలదు. సరిగా ఈ నెలలలోనే వేతనములకు దరఖాస్తులు, పరీక్ష, నమోదు అన్నియు వచ్చిపడును. చేతినిండ పని యున్నపుడు కాగితము మాట ఎవరికి గుర్తుండును?

కావున ఏ వేతనము ఎవరికి, ఎప్పుడు, ఎట్లు అను సంగతి ఇంటివారు ముందే ఎరిగి యుండుట మేలు. ముఖ్యమైనదానితో ప్రారంభింతము.

ఎనిమిదవ తరగతి చదువు పిల్లలకు కేంద్ర ప్రభుత్వము 2008లో నెలకొల్పిన జాతీయ ఉపకార వేతనమొకటి కలదు. పాఠశాలలలో దీనిని ఎన్.ఎం.ఎం.ఎస్. అని వ్యవహరింతురు. దేశము మొత్తముమీద ఏటేట లక్షమందికి దీనిని ఉద్దేశించిరి. ఆంధ్రప్రదేశ్ వంతు 4,087. నెగ్గిన విద్యార్థికి ఏడాదికి 12,000 రూపాయల చొప్పున, తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము వరకు నాలుగేండ్లు ఇత్తురు. మొత్తము 48,000 రూపాయలు. కూలికి పోవు ఇంట ఇది చిన్న మొత్తము కాదు. పదవ తరగతితో చదువు మానిపింపదలచిన తండ్రి మనస్సు మార్చుకొనుటకు ఇది చాలవచ్చును.

ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్, ఎయిడెడ్ పాఠశాలలలో చదువువారే దీనికి అర్హులు. ప్రైవేటు పాఠశాలల వారును, కేంద్రీయ, నవోదయ విద్యాలయముల వారును, ప్రభుత్వమే భోజన వసతులు కల్పించు గురుకులముల వారును అర్హులు కారు. తల్లిదండ్రుల సంవత్సరాదాయము 3,50,000 రూపాయలు మించరాదు. ఏడవ తరగతిలో నూటికి 55 మార్కులు వచ్చియుండవలెను. షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలకు 50 చాలును.

పరీక్ష రెండు భాగములు. మొదటిది బుద్ధికుశలతకు సంబంధించినది: అంకెల వరుసలు, బొమ్మల పోలికలు, సంకేత భాష మొదలైనవి 90 ప్రశ్నలు. రెండవది పాఠ్యవిషయములు: విజ్ఞానశాస్త్రము 35, సాంఘికశాస్త్రము 35, గణితము 20, వెరసి 90 ప్రశ్నలు. మొత్తము వ్యవధి మూడు గంటలు. ప్రశ్నలు తెలుగునను ఉండును. రెండవ భాగమునకు తరగతి పుస్తకములే చాలును. మొదటి భాగమునకు మాత్రము అలవాటు కావలెను. ఇది బడిలో ప్రత్యేకముగా చెప్పు పాఠము కాదు గనుక, తెలివిగల పిల్లలు సైతము తొలిసారి చూచి తికమక పడుదురు. పాత ప్రశ్నపత్రములు రోజుకొక అరగంట చొప్పున మూడు మాసములు చేసిన పిల్లవానికి ఆ బెదురు పోవును.

రాష్ట్రములో ఈ పరీక్ష డిసెంబరులో ఒక ఆదివారమునాడు జరుగుచున్నది. 2024లో డిసెంబరు 8న జరిగినది. దరఖాస్తు అంతకు రెండు మూడు నెలల ముందే ప్రధానోపాధ్యాయుని ద్వారా పోవలెను. రుసుము ఇటీవలి సంవత్సరములలో వందరూపాయలు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఏబది. అనగా పత్తి తొలితీతకు వచ్చుటకు ముందే దరఖాస్తు, తీతలు ముమ్మరముగా నున్నపుడు పరీక్ష. ఆ ఒక్క ఆదివారము పిల్లను చేలోనికి పంపక పరీక్షకు పంపవలెనని తల్లిదండ్రులకు ముందే నచ్చజెప్పవలెను.

పరీక్షలో నెగ్గుటతో పని ముగిసినదని తలచుట పెద్ద పొరపాటు. మేమెరిగిన ఒక గ్రామమున ఒక బాలిక పరీక్షలో ఎంపికయ్యెను. ఊరంతయు సంతోషించిరి. పాఠశాల రికార్డులో ఆమె ఇంటిపేరు పూర్తిగా నున్నది. ఆధార్ కార్డులో ఒక్క పొడి అక్షరమే యున్నది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయునపుడు ఈ రెండును పొసగలేదు. దిద్దించుటకు తల్లిదండ్రులు రావలెను. వారు మిరప కోతలకు పొరుగు మండలమునకు పోయి యుండిరి. వారు తిరిగి వచ్చునప్పటికి గడువు దాటెను. పరీక్షలో గెలిచిన 48,000 రూపాయలు ఇంటిపేరులోని అక్షరముల తేడాచే పోయినవి. ఆ బాలిక చేసిన తప్పేమి?

అందుచేత ఈ కాగితములను ఏడవ తరగతి వేసవి సెలవులలోనే సరిచూచుకొనుడని మా మనవి. మొదటిది పేరు, పుట్టినతేది: పాఠశాల రికార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకము, మూడింటను అక్షరము పొల్లుపోక ఒక్క తీరున నుండవలెను. రెండవది బ్యాంకు ఖాతా: అది విద్యార్థి పేరనే యుండి ఆధార్‌తో జతపడి యుండవలెను. ఖాతా యుండుట వేరు, జతపడుట వేరు. బ్యాంకున అడిగి రూఢి చేసికొనవలెను. చాలకాలము వాడని ఖాతా నిద్రపోవుటయు కలదు. మూడవది కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము. వీనికి గ్రామ సచివాలయమున దరఖాస్తు చేయవచ్చును. కౌలు రైతుకు పొలము కాగితము లేకపోయినను ఆదాయ ధ్రువపత్రము పొందు హక్కు పోదు. విచారించి వ్రాయుట రెవెన్యూ వారి విధి.

పోర్టల్‌లో నమోదు చేసినపిమ్మట దరఖాస్తును ముందు పాఠశాలవారును, తరువాత జిల్లా అధికారియు పరిశీలించి ఆమోదింతురు. ఈ రెండు మెట్లలో ఎచట ఆగినను సొమ్ము రాదు. కావున నమోదు సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసియుంచి, పదిదినములకొకసారి ప్రధానోపాధ్యాయుని అడుగుట మర్యాదకు భంగము కాదు. ప్రతి సంవత్సరము దానిని పునరుద్ధరింపవలెను. తొమ్మిదవ తరగతి తొలి ప్రయత్నమునందే దాటవలెను. పదవ తరగతిలో నూటికి 60 మార్కులు రావలెను, షెడ్యూల్డు కులముల, తెగల వారికి 55. పదవ తరగతి ముగిసి వేరొక కళాశాలలో చేరునపుడు పునరుద్ధరణ సంగతి మరచువారు పలువురు. పాత బడివారు కొత్త బడివారు చేయుదురనుకొందురు. కొత్తవారికి ఈ పిల్లవానికి వేతనము కలదనియే తెలియదు. ఆ సంగతి విద్యార్థియే చెప్పుకొనవలెను.

ఇక తక్కినవి. తొమ్మిది, పది తరగతుల షెడ్యూల్డు కులముల పిల్లలకు, కుటుంబ ఆదాయము రెండున్నర లక్షలు మించనియెడల, ఇంటినుండి చదువువారికి ఏడాదికి 3,500, వసతిగృహమున నుండువారికి 7,000 రూపాయల వేతనము కలదు. వెనుకబడిన తరగతుల, ఆర్థికముగా వెనుకబడిన, సంచార జాతుల పిల్లలు ప్రభుత్వ పాఠశాలలో చదువుచు అదే ఆదాయ పరిమితికి లోబడియున్నచో, పి.ఎం. యశస్వి పథకము క్రింద ఏడాదికి 4,000 రూపాయలు పొందవచ్చును. ఇట్టి కేంద్ర వేతనములలో రెండింటిని ఒక్కరు పొందుటకు నిబంధనలు సాధారణముగా ఒప్పుకొనవు. ఏది మేలో చూచి ఒకదానిని కోరుకొనవలెను.

తల్లికి వందనము వేరు. రాష్ట్ర ప్రభుత్వము 2025 జూన్ 12న ప్రారంభించిన ఈ పథకమున బడికి పోవు ప్రతి బిడ్డకు తల్లి ఖాతాలో 13,000 రూపాయలు వేసిరి. దీనికి ప్రవేశపరీక్ష లేదు. నూటికి 75 వంతుల హాజరు కావలెను. పత్తి తీతకై నెలదినములు బడి మాన్పించిన ఇల్లు, కూలిగా మిగిలినదెంత, ఈ హాజరు తగ్గుటవలన పోవునదెంత అని లెక్క చూచుకొనవలెను.

మార్కులలో ముందుండని పిల్లలకును ఒక దారి కలదు. ఇన్‌స్పైర్ మానక్ అను పథకమున, ఒక సమస్యకు విద్యార్థి తనంత తాను ఆలోచించిన పరిష్కారము ఎంపికయైనచో, నమూనా తయారుచేయుటకు 10,000 రూపాయలు అతని ఖాతాలో వేయుదురు. మిరపకాయల తొడిమలు తీయు స్త్రీల చేతుల మంట సంగతి మన పిల్లలకు తెలిసినట్లు పట్టణపు పిల్లలకు తెలియదు. కళ్ళములో ఆరబోసిన కాయ అకాలవర్షమునకు తడిసిన దుఃఖమును మన పిల్లలు కన్నులార చూచినవారు. ఇట్టి ఆలోచనలకు మన ప్రాంతమున కొరత యుండరాదు. పేరు పంపవలసినది పాఠశాలయే.

పదవ తరగతిలో నూటికి 90 మార్కులు తెచ్చుకొని, ఇంటి ఆదాయము రెండు లక్షలకు లోబడిన వారికి సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ వారి విద్యాధన్ వేతనము ఇంటర్మీడియట్ చదువునకు కలదు. దివ్యాంగులకు 75 మార్కులు చాలును. మరియు గురుకులమున సీటు దొరకుటయు ఒక వేతనమే గదా! 1972లో తాడికొండలో స్థాపించిన గురుకుల పాఠశాల, చిలకలూరిపేట చేరువ మద్దిరాల నవోదయ విద్యాలయము, ఒంగోలు నవోదయ మన ముంగిటనే యున్నవి.

ఒక హెచ్చరిక. 1963లో ప్రారంభమైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021తో నిలిచిపోయినది. దానికి తర్ఫీదు ఇత్తుమని చెప్పి సొమ్ము అడుగువారిని నమ్మరాదు. వేతనము మంజూరైనది, ఫోనునకు వచ్చిన అంకెలు చెప్పుడని అడుగువారు దొంగలు. ఏ ప్రభుత్వ వేతనమునకును దళారి అక్కరలేదు.

ఇవన్నియు చదివిన పిమ్మట, మా ఇంట ఎనిమిదవ తరగతి పిల్లలు లేరే అని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. మీ ఇంట లేకపోవచ్చును. మీ పొలమున పత్తి తీయవచ్చిన తల్లికి ఉండవచ్చును. మీ ఇంట రేడియో కలదు, ఈ పత్రిక కలదు. ఆమె ఇంట ఈ రెండును లేవేమో. మధ్యాహ్నము చెట్టునీడన అన్నము తిను వేళ, అమ్మాయి ఏ తరగతి, ఆధార్‌లో పేరు సరిగా నున్నదా, బ్యాంకు ఖాతా తెరిచితిరా అని మూడు ప్రశ్నలు అడిగినచో చాలును. అవసరమైనచో ఆమెతో సచివాలయము వరకు పోయి రండు. నాయుడుగారు ఆనాడు ఒక బాలుని రాజమహేంద్రవరము వరకు తీసికొనిపోయిరి. మనము పోవలసిన దూరము అంతకంటె చాల తక్కువ.