రంగు చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు
పాత డాబా వాటాకు గోడ, కప్పు, కాగితం మూడూ చూడాలి

రొంపిచెర్ల: పిల్లల చదువుల కోసం, ఆస్పత్రి అవసరాల కోసం పల్లె వదిలి నరసరావుపేట చేరే కుటుంబాలకు మొదట ఎదురయ్యే సమస్య అద్దె ఇల్లు. కొత్త అపార్ట్‌మెంట్ల అద్దె భరించలేనివారు పాత పేటల్లో ఒక పడకగది, వంటగది ఉన్న వాటా కోసం వెతుకుతారు. 2022 ఏప్రిల్ 4న పట్టణం పల్నాడు జిల్లా కేంద్రం కావడంతో ఉద్యోగులు కూడా వీరికి తోడయ్యారు.

మల్రాజు జమీందారుల కాలంలో, 1797లో వెలసిన పట్టణమిది. ఇలాంటి పాత ఊళ్లలో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన డాబాలను యజమానులు బాగు చేయించి, వాటాలుగా విడదీసి అద్దెకు ఇవ్వడం మామూలే. లోపల టైల్సు, గోడలకు కొత్త రంగు, వంటగదిలో గ్రానైటు బండ చూడగానే ముచ్చటేస్తుంది. అసలు సంగతి వానలు పడితే గాని బయటపడదు.

గోడ ఏం చెబుతుంది?

ఆ రోజుల్లో ఇటుకను గానుగ సున్నంతో కట్టేవారు. పిడుగురాళ్ల సున్నం ఎరిగిన పల్నాటి వారికి ఇది కొత్త సంగతి కాదు. సున్నపు గోడ నేలలోంచి పీల్చిన చెమ్మను మెల్లగా బయటికి వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూత వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. కొద్ది నెలల్లోనే రంగు పొంగి, తెల్లని పొడి రాలి, పెచ్చులు ఊడతాయి. కనుక నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు గోడను చేత్తో తడిమి, వేలితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే పూత గోడను వదిలేసిందన్నమాట.

పాత కప్పులకు టేకు దూలాలే ఆధారం. వాన నీరు దిగితే గోడలోకి దూరిన దూలం కొనలు ముందుగా పుచ్చిపోతాయి. కొత్తగా వేసిన ఫాల్స్ సీలింగు ఆ మచ్చలను కప్పేస్తుంది. డాబా పైకెక్కి నీరు పోయే తూములు, పగుళ్లు చూడటం, పక్క వాటావారిని అడగటం మంచిది. కరెంటు వైరింగు మార్చారా, ఎర్తింగు ఉందా, మీటరు వేరుగా ఉందా అన్నవి కూడా అడిగి తెలుసుకోవాలి.

నోటి మాట చాలదు

పల్లెలో కౌలు సైతం మాట మీదే నడిచిపోతుంది. పట్టణంలో అద్దెకు కాగితం తప్పనిసరి అనుకోవాలి. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. అందుకే చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. నెలవారీ అద్దెకు ఉన్నవారిని ఖాళీ చేయించాలంటే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉంది. అయితే రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. బేరమాడేటప్పుడు మాత్రం ఈ లెక్క చెప్పవచ్చు.

కప్పు కారినా, గోడ పెచ్చులూడినా బాగుచేత ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయించుకోవాలి. పాత ఇంట్లో తగవులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. దిగేనాటి గోడలను, నేలను ఫోనులో ఫొటోలు తీసి ఉంచుకుంటే, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడకుండా అడగవచ్చు. నెలనెలా రసీదు తీసుకోవాలి.

ప్రత్తి, మిరప అమ్మిన సొమ్ములోంచే అడ్వాన్సు కట్టే కుటుంబాలకు ఆ డబ్బు చిన్నది కాదు. వీలైతే ఒక వాన పడ్డాక మరోసారి వెళ్లి ఇల్లు చూసిన తరువాతే చేతిలో పైకం పెట్టడం క్షేమం.