పంది వెంట్రుకల షేవింగ్ బ్రష్

పంది వెంట్రుకల షేవింగ్ బ్రష్ అనేది గడ్డం గీసుకునే ముందు సబ్బును గానీ క్రీమును గానీ నీటితో కలిపి నురగ చేసి, ఆ నురగను ముఖానికి పట్టించడానికి వాడే ఒక రకం కుంచె. చిత్రకారుని కుంచెకు, చేనేతవారు పడుగుకు గంజి పట్టించే కుంచెకు ఇది దగ్గర చుట్టం. జంతువుల వెంట్రుకలతో చేసే షేవింగ్ బ్రష్‌లలో సాధారణంగా ఇదే చవకైనది. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో గడ్డం గీసే సంప్రదాయమంతా ఎక్కువగా ఈ రకం బ్రష్ మీదనే నడిచింది. ఇటలీలోని ఒమేగా, పోర్చుగల్‌లోని సెమోగ్ ఈ బ్రష్‌లకు పేరుపొందిన తయారీ సంస్థలు.

కొన్న కొత్తలో గరుకుగా ఉండటం, తడిస్తే వాసన వేయడం, చేసిన నురగ కాసేపటికే చప్పబడటం ఈ బ్రష్ స్వభావం. పదిహేను ఇరవై సార్లు వాడిన తరువాత ఇదే బ్రష్ మెత్తబడి చక్కగా పనిచేస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది మొదటి వారంలోనే దీనిని పక్కన పడేస్తారు.

పేరు

ఇంగ్లీషులో దీనిని బోర్ బ్రష్ అంటారు. బోర్ అనే మాటకు మగ పంది అనీ, అడవి పంది అనీ రెండు అర్థాలున్నాయి. అందుచేత దీనిని అడవి పంది వెంట్రుకలతో చేస్తారని అనుకోవడం కద్దు. నిజానికి బజారులో దొరికే బ్రష్‌లలో దాదాపు అన్నీ పెంపుడు పందుల వెంట్రుకలతో చేసినవే. ఆడ, మగ అన్న తేడా కూడా ఎవరూ చూడరు. పంది మెడ నుండి వెన్ను వెంబడి ఉండే వెంట్రుకలు మిగిలిన చోట్ల కంటే పొడవుగా, బిరుసుగా ఉంటాయి కనుక బ్రష్‌లకు వాటినే ఎంచుకుంటారు.

వెంట్రుక నిర్మాణం

మన జుట్టు, గోళ్ళు, పశువుల కొమ్ములలాగానే పంది వెంట్రుక కూడా కెరటిన్ అనే ప్రాంకృత పదార్థంతో తయారయింది. అయితే దీనికి రెండు ప్రత్యేకతలున్నాయి. మొదటిది, ఇది కుదురు దగ్గర లావుగా ఉండి కొనకు వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. అందువల్ల బ్రష్ మొదలు గట్టిగా నిలబడుతుంది, కొన వంగుతుంది. రెండవది, దీని కొన ఒకటిగా ముగియకుండా రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఈ చీలిక స్పష్టంగా కనిపిస్తుంది. రంగులు వేసే కుంచెలకు కూడా పంది వెంట్రుకలను వాడటానికి కారణం ఈ చీలికలే. రంగును గానీ నురగను గానీ పట్టి ఉంచేవి ఇవే.

బ్రష్‌ను వాడేకొద్దీ ఈ చీలికలు ఇంకా పెరుగుతాయి. కొత్త బ్రష్ కొనలలో తక్కువ చీలికలు ఉంటాయి కాబట్టి అవి చర్మానికి గుచ్చుకుంటాయి. పాతబడిన బ్రష్‌లో ఒక్కొక్క కొన సన్నని పోగులుగా విడిపోయి ఉంటుంది కాబట్టి మెత్తగా తగులుతుంది. ఈ బ్రష్ మెత్తబడటం అంటే అసలు జరిగేది ఇదే.

నీటి విషయంలో కూడా పంది వెంట్రుకది ప్రత్యేకమైన దారి. ఖరీదైన బ్యాడ్జర్ వెంట్రుకల బ్రష్ నీటిని ప్రధానంగా వెంట్రుకల మధ్య సందులలో నిలుపుకుంటుంది. పంది వెంట్రుక నీటిని తనలోకి పీల్చుకుని మెత్తబడుతుంది. నైలాన్ వంటి కృత్రిమ పోగు దాదాపు ఏమీ పీల్చుకోదు. కనుక పంది వెంట్రుకల బ్రష్‌ను వాడే ముందు నానబెట్టాలి, మిగిలిన రెండింటికీ ఆ అవసరం అంతగా లేదు.

తయారీ

సేకరించిన వెంట్రుకలను కడిగి, వేడితో శుద్ధి చేసి, పొడవును బట్టి వేరు చేస్తారు. ఆ తరువాత కుదుళ్ళన్నీ ఒకవైపుకు, కొనలన్నీ ఒకవైపుకు వచ్చేలా పేర్చి కుచ్చు కడతారు. కుచ్చు అడుగు భాగాన్ని జిగురుతో బిగించి చెక్క, ప్లాస్టిక్ లేదా లోహపు పిడిలో అమరుస్తారు. కుచ్చు పైభాగం గుండ్రంగా రావడానికి వెంట్రుకలను గిన్నె వంటి అచ్చులో పెట్టి సర్దాలే గాని కత్తెరతో కత్తిరించకూడదు. కత్తిరిస్తే చీలిన కొనలు పోయి మొండి కొనలు మిగులుతాయి. అటువంటి బ్రష్ ఎంత కాలం వాడినా తొందరగా దారికి రాదు. చవక బ్రష్‌లలో ఈ లోపం తరచు కనిపిస్తుంది.

సహజంగా ఈ వెంట్రుకలు నలుపు, బూడిద, గోధుమ, తెలుపు రంగులలో ఉంటాయి. కొన్నిటిని తెల్లగా వెలిగిస్తారు. మరికొన్నిటికి నడుమ నల్లని పట్టీ వచ్చేలా రంగు వేసి బ్యాడ్జర్ బ్రష్‌లా కనిపించేలా చేస్తారు. రంగు వేయడంలో తప్పు లేదు గాని, దానిని చూసి బ్యాడ్జర్ అనుకుని ఎక్కువ ధర పెట్టడం తెలివితక్కువ.

చరిత్ర

పంది వెంట్రుకల వ్యాపారంలో చైనాది చాలాకాలంగా పెద్ద పాత్ర. రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడలకు, యంత్రాలకు రంగులు వేసే కుంచెల కోసం అమెరికాకు ఈ వెంట్రుకలు అత్యవసరమయ్యాయి. చైనా రేవులు జపాను అధీనంలోకి పోవడంతో, అస్సాం నుండి హిమాలయాల మీదుగా చైనాకు యుద్ధ సామగ్రి మోసుకెళ్ళిన విమానాలు తిరిగి వచ్చేటప్పుడు టంగ్‌స్టన్ ఖనిజంతో పాటు పంది వెంట్రుకలను కూడా తెచ్చేవి. భారతదేశంలో బ్రిటిషు పాలన కాలం నుండి కాన్పూరు ఈ వ్యాపారానికి పేరుపొందింది. ఉత్తర ప్రదేశ్‌లోని బిజ్నోరు జిల్లా షేర్‌కోట్ పట్టణం కుంచెల తయారీకి ప్రసిద్ధి.

1938లో అమెరికాలో నైలాన్ పోగులతో పళ్ళ బ్రష్ వచ్చింది. అంతవరకు పళ్ళ బ్రష్‌లలో కూడా పంది వెంట్రుకలే ఉండేవి. పళ్ళ బ్రష్‌ల నుండి ఈ వెంట్రుకలు దాదాపు పూర్తిగా తప్పుకున్నా, షేవింగ్ బ్రష్‌లలో మాత్రం నిలిచాయి. బ్రష్ అవసరం లేని క్రీములు కూడా వీటికి పోటీగా వచ్చాయి. వాటిలో బార్బసోల్ 1919లో వచ్చింది. డబ్బా నొక్కితే నురగ వచ్చే క్రీములు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చాయి.

దొమ్మ రోగం, షేవింగ్ బ్రష్

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్, అమెరికాలలో పలువురు సైనికులకు, పౌరులకు ముఖం మీద, మెడ మీద దొమ్మ రోగం (ఆంత్రాక్స్) పుండ్లు లేచాయి. కొందరు మరణించారు. ఇది పశువులకు వచ్చే రోగం. పశువుల దగ్గర పనిచేయని వారికి ఎలా వచ్చిందా అని ఆరా తీస్తే, చాలామంది కొత్త షేవింగ్ బ్రష్ కొన్నవారని తేలింది.

ఇందుకు కారణం యుద్ధమే. విషవాయువు నుండి కాపాడే ముసుగు ముఖానికి బిగుతుగా అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు. కనుక సైనికులందరికీ బ్రష్‌లు కావలసి వచ్చాయి. అదే సమయంలో బ్యాడ్జర్ వెంట్రుకల సరఫరా దెబ్బతిన్నది. తయారీదారులు ఆసియా నుండి, రష్యా నుండి వచ్చిన గుర్రపు వెంట్రుకలను బ్యాడ్జర్ వెంట్రుకలుగా కనిపించేలా చేసి అమ్మారు. వాటిలో కొన్ని సరిగా శుద్ధి చేయనివి. దొమ్మ రోగపు సూక్ష్మజీవి ప్రతికూల పరిస్థితులలో గట్టి కవచం గల సిద్ధబీజంగా మారి దశాబ్దాల తరబడి బతికి ఉండగలదు. గడ్డం గీసుకునేటప్పుడు పడే చిన్న గాటు దానికి చాలు. బ్రిటన్ 1920లో జపాను నుండి షేవింగ్ బ్రష్‌ల దిగుమతిని నిషేధించింది.

ఈ ఉదంతంలో నేరం ప్రధానంగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలది, పంది వెంట్రుకలది కాదు. ఇప్పుడు పేరున్న సంస్థలు శుద్ధి చేసిన వెంట్రుకలనే వాడతాయి కాబట్టి కొత్త బ్రష్ కొనేవారు భయపడనక్కరలేదు. కాని మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాత బ్రష్‌లను వస్తువుల సేకరణ మీద మోజుతో కొనేవారు వాటిని అలమరలో పెట్టుకోవాలే గాని ముఖానికి తాకించకూడదు.

ఎంపిక

బజారులో చవకగా దొరికే బ్రష్‌లలో నైలాన్‌వి కూడా ఉంటాయి. అనుమానం ఉంటే రాలిన ఒక్క పోగును నిప్పుకు చూపితే చాలు. వెంట్రుక అయితే జుట్టు కాలిన కమురు వాసన వచ్చి నుసి అవుతుంది. నైలాన్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

కుచ్చు అడుగున సుమారు 22 నుండి 26 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బ్రష్ ఇంట్లో వాడకానికి సరిపోతుంది. అంతకంటే లావుపాటివి క్షౌరశాలల కోసం చేసినవి. ఎక్కువ నురగ చేస్తాయి, కాని వాటికి సబ్బు ఎక్కువ పడుతుంది. వ్యాసం ఎంత ముఖ్యమో పిడి పైన కనిపించే వెంట్రుకల పొడవు కూడా అంతే ముఖ్యం. పొడవు 50 మిల్లీమీటర్ల లోపు ఉంటే బ్రష్ బిరుసుగా ఉంటుంది. 60 దాటితే వాలిపోతున్నట్లు ఉంటుంది గాని మొదటిసారి వాడేవారికి అదే సుఖం. గట్టి సబ్బు బిళ్ళ వాడేవారికి ఈ బ్రష్ చాలా అనుకూలం, ఎందుకంటే సబ్బును గీరి తీయడానికి బిరుసుతనం కావాలి. ట్యూబు క్రీము మాత్రమే వాడేవారు కృత్రిమ పోగుల బ్రష్ కొనుక్కున్నా నష్టం లేదు.

పంది నుండి వచ్చిన వస్తువును మతాచారం వలన తాకని వారు ఉన్నారు. బ్రష్ మీద ఏ వెంట్రుకో రాయకుండా అమ్మేవారు కూడా ఉన్నారు. అటువంటప్పుడు కృత్రిమ పోగులదని స్పష్టంగా రాసి ఉన్నదే కొనడం మేలు. జంతువుల పట్ల కరుణతో ఆలోచించేవారికి కూడా అదే దారి. పంది వెంట్రుకలు చాలావరకు మాంసం పరిశ్రమలో మిగిలిపోయే పదార్థమే అయినా, బతికి ఉన్న పంది నుండి పీకే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది. బ్యాడ్జర్ బ్రష్‌ల పరిస్థితి ఇంతకంటే మెరుగు కాదు. చైనాలో బ్యాడ్జర్లను పట్టి చంపే తీరును 2018లో పెటా ఆసియా సంస్థ బయటపెట్టిన తరువాత కొన్ని పెద్ద సంస్థలు వాటి అమ్మకం మానుకున్నాయి.

వాడే విధానం

కొత్త బ్రష్‌ను ముందుగా గోరువెచ్చని నీటితో, కొంచెం షాంపూతో కడగాలి. వాసన ఒక్క కడుగుతో పోదు, వారం పది రోజులలో దానంతట అదే పోతుంది. మొదటి రోజులలో గడ్డం గీసుకోకపోయినా సరే, రోజూ అరచేతిలో నురగ చేసి, కడిగి, ఆరబెడుతూ ఉంటే బ్రష్ త్వరగా దారికి వస్తుంది. తడవడం, పూర్తిగా ఆరడం అనే ఈ చక్రమే కొనలను చీలుస్తుంది. అందుచేత రెండు రోజుల పాటు నీళ్ళలో నానబెట్టి ఉంచితే పని తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు. మొదట్లో రెండు మూడు వెంట్రుకలు రాలడం మామూలే. నెల తరువాత కూడా రోజూ రాలుతూ ఉంటే కుచ్చు కట్టడంలో లోపం ఉన్నట్లు.

రోజువారీ వాడకంలో, స్నానానికి వెళ్ళేముందు బ్రష్‌ను గోరువెచ్చని నీటి చెంబులో నిలబెట్టి వెళ్తే, తిరిగి వచ్చేసరికి నాని ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలు చాలు. నీళ్ళు మరిగేంత వేడిగా ఉండకూడదు. వేడికి వెంట్రుక పెళుసెక్కుతుంది, జిగురు వదులవుతుంది. తరువాత నీటిని విదిలించి, తడి బ్రష్‌ను సబ్బు మీద అర నిమిషం పాటు తిప్పాలి. నురగ చప్పబడుతోందని ఫిర్యాదు చేసేవారిలో ఎక్కువమంది ఇక్కడ తొందరపడినవారే. కొత్త బ్రష్ నురగను తనలోనే దాచుకుంటుంది కాబట్టి దానికి ఇంకొంచెం ఎక్కువ సబ్బు పట్టించాలి. ఆ పైన చుక్క చుక్కగా నీళ్ళు కలుపుతూ ముఖం మీద గుండ్రంగా తిప్పితే, పెద్ద బుడగలు పోయి మీగడ వంటి నురగ వస్తుంది. చివరగా గోడకు సున్నం వేసినట్లు అటూ ఇటూ పూయాలి. బ్రష్‌ను పిడి తగిలేదాకా ముఖానికి అదమకూడదు. వెంట్రుకలు కుదుళ్ళ దగ్గర విరుగుతాయి.

బ్రష్ గడ్డం వెంట్రుకలను నిక్కబొడుచుకునేలా చేస్తుందని అమ్మకందారులు చెప్పే మాటకు అంత ప్రాముఖ్యం ఇవ్వనక్కరలేదు. దాని అసలు పని నీటిని చర్మం మీద నిలిపి ఉంచడం. నీటిలో నానిన గడ్డం వెంట్రుకను కోయడానికి పొడి వెంట్రుక కంటే చాలా తక్కువ బలం చాలు. ఆ రెండు మూడు నిమిషాల నానుడు సమయమే బ్లేడు వలన కలిగే మంటను తగ్గిస్తుంది.

క్షౌరశాలలలో

ఎయిడ్స్ మీద అవగాహన పెరిగిన తరువాత మన క్షౌరశాలలలో ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వేయడం అలవాటయింది. కాని బ్లేడు మార్చినంత శ్రద్ధగా బ్రష్‌ను ఎవరూ మార్చరు. ఒకరి ముఖం మీది చీము, రక్తపు మరక అదే బ్రష్‌తో మరొకరికి చేరవచ్చు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. గడ్డంలో చీముపొక్కులు కలిగించే సూక్ష్మజీవులు కూడా తడి బ్రష్‌లో నిలుస్తాయి. జంతువుల వెంట్రుకల బ్రష్‌ను ఒక మనిషికీ మరొక మనిషికీ నడుమ నమ్మకంగా శుద్ధి చేయడం సాధ్యం కాదు. కనుక సొంత బ్రష్ వెంట తీసుకువెళ్ళడం గానీ, చేతితో క్రీము పూయమని క్షురకుని అడగడం గానీ మంచిది. అలా అడగడం ఆయనను అవమానించడం కాదు.

సంరక్షణ

పని అయిన తరువాత నురగ అంతా పోయేదాకా కడిగి, మెల్లగా పిండి, తువ్వాలు మీద రాసి గాలి తగిలే చోట పెట్టాలి. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అన్న విషయం మీద వాదోపవాదాలు చాలానే ఉన్నాయి గాని గాలి ఆడితే ఎలా పెట్టినా ఒకటే. మూత ఉన్న డబ్బాలో, కిటికీ లేని స్నానాల గదిలో మాత్రం పెట్టకూడదు. పంది వెంట్రుక నీటిని పీల్చుకున్నది కాబట్టి పూర్తిగా ఆరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. వానకాలంలో కోస్తా ఊళ్ళలో ఆ ఒక్క రోజు కూడా చాలదు. అక్కడివారు రెండు బ్రష్‌లు ఉంచుకుని దినం విడిచి దినం వాడుకుంటే బూజు పట్టదు.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. కఠిన జలంలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారి కుచ్చు మొదట్లో పేరుకుంటుంది. దానితో బ్రష్ మళ్ళీ గరుకుగా తయారవుతుంది. నెలకొకసారి గ్లాసు నీటిలో రెండు చెంచాల వెనిగర్ కలిపి, అందులో వెంట్రుకలను కొద్ది నిమిషాలు ముంచి కడిగితే ఆ తెట్టు కరిగిపోతుంది. చాలాకాలం వాడకుండా దాచేటప్పుడు బాగా ఆరబెట్టి, బట్టల పెట్టెలో వేసినట్లే నాఫ్తలీన్ ఉండలతో దాచాలి. ఉన్ని బట్టలను కొరికే పురుగులు ఈ వెంట్రుకలను కూడా తింటాయి. అలా దాచిన బ్రష్‌ను మళ్ళీ వాడేముందు షాంపూతో కడిగి ఒక పూట గాలికి పెట్టాలి.