పాత కారు నిలబడితే ఎందుకు వణుకుతుంది?

ఆదోని పత్తి మార్కెట్ దగ్గరో, ఎమ్మిగనూరు బస్టాండు దగ్గరో ఆగిన పాత మారుతి 800 గడగడ వణికితే ‘ముసలి బండి, అంతే’ అంటారు. వయసే కారణమైతే పరుగులోనూ అలాగే వణకాలి కదా! 796 సీసీల ఆ ఇంజనుకు సిలిండర్లు మూడే. ఒకదానిలో ఇంధనం మండకపోతే మూడో వంతు బలం పోయినట్టే. వేగంలో ఉన్నప్పుడు బరువైన ఫ్లైవీల్ ఊపు ఆ లోటును కప్పేస్తుంది. ఐడ్లింగులో, అంటే బండి ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు, ఇంజను నిమిషానికి వెయ్యిసార్లు కూడా తిరగదు కాబట్టి ఆ ఊపు లోటును కప్పలేదు.

పత్తి ధూళితో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చుగా? ఉండొచ్చు, కానీ అప్పుడు మూడు సిలిండర్లూ ఒకేలా నీరసిస్తాయి. అందుకే మెకానిక్ ఒక్కో స్పార్క్ ప్లగ్ వైరు తీసి వింటాడు (మీరు ముట్టుకోకండి, అందులో వేల వోల్టులుంటాయి). తీసినా శబ్దం మారని సిలిండరే పనిచేయనిది. ఇది తేలకుండా భాగాలు మార్చడం డబ్బు దండగ. ప్లగ్ మార్చినా వణుకు తగ్గకపోతే కంప్రెషన్ కొలవాలి. టకటక కూడా వినిపిస్తే వాల్వుల సందు చూడాలి.