సబ్‌వూఫర్‌లో బేస్ రావట్లేదా? వాపసు ఇచ్చే ముందు ఇవి చూడండి

బ్లాక్ ఫ్రైడే డీల్‌లో సబ్‌వూఫర్ కొంటారు. టీవీ పక్కన ఖాళీ ఉన్నచోట పెట్టి ‘ఆర్ఆర్ఆర్’లో పులి సీన్ వేస్తారు. సోఫాలో కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియదు, వంటింట్లో గిన్నెలు మాత్రం అదురుతుంటాయి. మర్నాడే దాన్ని మళ్లీ అట్టపెట్టెలో కుక్కి స్టోర్‌కు మోసుకెళ్లేవాళ్లు, ఇంకా పెద్దది కొనేవాళ్లు మనలో ఉన్నారు. నిజానికి చాలాసార్లు తప్పు సబ్‌వూఫర్‌ది కాదు, గదిది.

40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 28 అడుగులు. మామూలు లివింగ్ రూమ్ కంటే ఆ ఒక్క అలే పొడుగు. అది గోడకు తగిలి వెనక్కి వచ్చి, ఎదురొచ్చే అలతో కలుస్తుంది. కొన్నిచోట్ల రెండూ కలిసి బేస్ పెరుగుతుంది, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. మీ సోఫా ఆ రెండో రకం చోట ఉంటే ఎంత వాల్యూమ్ పెంచినా లాభం లేదు, పక్కింటివాళ్ల నిద్ర చెడడం తప్ప.

దీనికి పైసా ఖర్చులేని ఉపాయం ఉంది. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీదే పెట్టండి. బేస్ గిటార్ నిలకడగా వినిపించే పాట ఒకటి రిపీట్‌లో వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒకచోట బేస్ గుయ్యిమంటూ ముద్దగా ఉంటుంది, ఒకచోట అసలు లేనట్టే ఉంటుంది, ఇంకోచోట ప్రతి నోటూ విడివిడిగా, సమంగా వినిపిస్తుంది. ఆ మూడో చోటే దాని స్థానం. గది మూలలో పెడితే శబ్దం ఎక్కువ వస్తుంది కానీ ముద్దయ్యే అవకాశమూ ఎక్కువే.

ఇక సెట్టింగులు. రిసీవర్ మెనూలో ఫ్రంట్ స్పీకర్లు ‘లార్జ్’ అని ఉంటే వాటి బేస్ వాటితోనే ఉండిపోతుంది. సబ్‌వూఫర్‌కు సినిమాల్లోని ‘.1’ ట్రాక్ ఒక్కటే వెళుతుంది. పాత పాటలు వేసినప్పుడు అది మౌనంగా కూర్చునేది అందుకే. ‘స్మాల్’ అని మార్చి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి, స్పీకర్లు మరీ చిన్నవైతే 100 లేదా 120. సబ్‌వూఫర్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను మాత్రం చివరిదాకా తిప్పేయండి, రెండుచోట్లా వడపోయక్కర్లేదు. ఫేజ్ స్విచ్ 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి, సోఫాలో ఎప్పుడు నిండుగా వినిపిస్తే అలా వదిలేయండి. సినిమాలు టీవీ యాప్‌లోనే చూసేవాళ్లు టీవీ ఆడియో అవుట్‌పుట్ కూడా చూడాలి. ‘పీసీఎమ్’ అని ఉంటే చాలా టీవీల నుంచి స్టీరియోనే బయటికొస్తుంది, ‘.1’ రాదు. ‘ఆటో’ లేదా ‘పాస్‌త్రూ’కు మార్చండి.

సినిమా మధ్యలో బేస్ ఆగిపోతుంటే పవర్ స్విచ్ ‘ఆటో’ నుంచి ‘ఆన్’కు మార్చండి. వాల్యూమ్ బాగా తక్కువైతే అది నిద్రలోకి జారుకుంటుంది.

ఏమీ ప్లే చేయకపోయినా ‘హమ్’ అని మోగుతుంటే ముందు సబ్‌వూఫర్‌కు వచ్చే ఆడియో కేబుల్ ఊడదీయండి. మోత ఆగితే పెట్టె బాగానే ఉన్నట్టు. కేబుల్ తిరిగి పెట్టి, ఈసారి కేబుల్ టీవీ వైరు తీసి చూడండి. ఆగిందా, అది గ్రౌండ్ లూప్. ఆ వైరుకు ఐసొలేటర్ అనే చిన్న భాగం తగిలిస్తే సరిపోతుంది. ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది షాక్ కొట్టకుండా కాపాడే పిన్ను.

అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉంటే కింద రబ్బరు ప్యాడ్ వేయడం మంచిదే, నేల అదురు తగ్గుతుంది. గాలిలో వెళ్లే బేస్‌ను మాత్రం ప్యాడ్ ఆపలేదు. రాత్రి పది దాటాక రిసీవర్‌లో నైట్ మోడ్ పెట్టి, సబ్‌వూఫర్ లెవెల్ నాలుగైదు డెసిబెల్స్ తగ్గించాల్సిందే.

ఇండియాకు తిరిగి వెళుతూ సామానులో వేసేవాళ్లకు ఒక మాట. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, అక్కడ 230. వెనక లేబుల్ మీద 100-240 అని ఉంటే పర్వాలేదు. 115/230 స్విచ్ ఉంటే ప్లగ్గు పెట్టకముందే మార్చుకోవాలి. ఉత్త 120 అని ఉంటే, లేబుల్ మీది వాట్స్‌కు మించిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీని కాదు.