రేవులో ఒక గంట

విహారయాత్రలనుగూర్చి వ్రాయువారు సాధారణముగా పడవ కదలిన పిమ్మటనే కథ నారంభింతురు. కొండలు, మంచుతెరలు, నీటిపై పడు ఎండపొడ, ఒడ్డున వెదురుపొదలు - ఇవియే వారి వర్ణనలకు విషయములు. పడవ కదలుటకు ముందు రేవులో గడచు గంటనుగూర్చి వ్రాయువారు అరుదు. ఆ గంటలో చూడదగిన దేదియు లేదు. చీట్లు, పేర్ల పట్టిక, సరంగు కేకలు, ఆలస్యమునకు విసుగు - ఇంతియే. అయినను పాపికొండలకు పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయునకు ఆ దినమంతటిలో నిజముగా పనియున్న గంట అదియొక్కటియే. ఈ సంగతి నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. నేర్చుకొన్న విధము చెప్పుట నాకు గౌరవము కాదు. అయినను చెప్పెదను.

1998 డిసెంబరులో, ఉద్యోగమున చేరిన కొత్తలో, నలుబదియారుగురు విద్యార్థులతో నేను రాజమహేంద్రవరమున లాంచీ ఎక్కితిని. అప్పటికి పోలవరమువద్ద నదికి అడ్డముగా కట్టడము లేదు. పట్టణపు రేవునుండియే లాంచీలు ఎగువకు పోవుచుండెను. లాంచీలో ఒక బల్లక్రింద నారింజరంగు జాకెట్లు పదిపదునైదు, ఒక మోకుతో మూటగా కట్టి పడవేసియుండెను. ఎప్పుడును నోరు విప్పని ఒక విద్యార్థి వానిని చూచి, "మాస్టారూ, అవి మనకేనాండీ?" అని అడిగెను.

"గోదావరితల్లి ఒడిలోకి వెళుతూ తల్లికే భయపడతావటయ్యా?" అంటిని.

అందరు నవ్విరి. ఆ కుఱ్ఱవాడు తల వంచుకొని కూర్చుండెను.

ఏమియు జరుగలేదు. పాపికొండలు చూచితిమి, పులిహోర తింటిమి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పాటలు పాడుకొనుచు తిరిగివచ్చితిమి. ఆ "ఏమియు జరుగలేదు" అను మాటయే నాకు మిక్కిలి చెడ్డ గురువైనది. నా సమయస్ఫూర్తికి ఉదాహరణముగా ఆ ముచ్చటను ఇరువదియేండ్లు తరగతులలో చెప్పి నవ్వించితిని.

2017 నవంబరు 12న విజయవాడకు చేరువనున్న ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణానదిలో ఒక విహారపు పడవ బోర్లపడినది. దానికి అనుమతి లేదు. మోయదగినదానికి మించి జనమును ఎక్కించిరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. 2018 మే 15 సాయంకాలము దేవీపట్నము మండలములోని మంటూరువద్ద గోదావరిపై గాలివాన విరుచుకొని పడినది. జల్లు లోనికి రాకుండుటకై ఒక లాంచీలో తలుపులు, కిటికీలు మూసికొనిరి. లాంచీ మునిగినపుడు ఆ మూసిన తలుపులే లోపలివారికి గోడలైనవి.

2019 సెప్టెంబరు 15 ఆదివారము. కచ్చులూరువద్ద పాపికొండలకు పోవుచున్న పడవ సుడిలో చిక్కి మునిగినది. ఆనాడు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుచున్నది. ఒక క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, ఇంచుమించు 28 లీటర్లు. అనగా ప్రతి సెకనునకు 1 కోటి 40 లక్షల లీటర్ల నీరు ఆ కొండల ఇరుకునుండి దూసుకొనిపోవుచుండెను. కచ్చులూరు గిరిజనులు నాటుపడవలలో పరుగున వచ్చి చేతికందినవారిని ఒడ్డుకు చేర్చిరి. 26 మంది బ్రతికిరి. సుమారు 50 మంది జలసమాధియైరి. పడవలో మొత్తము ఎంద రుండిరో తొలినాడు ఎవ్వరును నిశ్చయముగా చెప్పలేకపోయిరి. మునిగిన పడవను పైకి తీయుటకు అక్టోబరు 22 వరకు పట్టినది.

ఆ ఆదివారము రాత్రి నాకొక ఫోను వచ్చినది. నాటి నా విద్యార్థియే. అతడిప్పుడు ఒక ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయుడు.

"మాస్టారూ, ఆ జాకెట్ల మూట మీకు గుర్తుందాండీ?"

గుర్తున్నదంటిని. కొంతసేపు ఇరువురము మాటలాడలేదు.

"ఎప్పటికైనా మా బడిపిల్లల్ని తీసుకెళ్ళాలని ఉందండీ. వద్దనుకుంటే ఇన్నాళ్ళూ మన పక్కనున్న గోదారిని వాళ్ళు సినిమాల్లోనే చూడాలి. రేవులో దిగాక ఏం అడగాలో, ఏం చూడాలో కాస్త రాసి పెట్టండి" అనెను.

అతడు నన్ను నిందింపలేదు. నిందించినచో బాగుండెడిది. నేనేమి వ్రాయగలను? నేను ఆ రేవులో ఏమియు అడుగలేదు, ఏమియు చూడలేదు. ఆ బాకీ చాలకాలము నిలిచిపోయినది. 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన పిమ్మట, ఏబదిఇద్దరు విద్యార్థులతో, ఒక సహాధ్యాపకునితో మరల ఆ యాత్రకు బయలుదేరితిని. ఈసారి చూచినది, అడిగినది ఇచట వ్రాయుచున్నాను.

పోలవరము కట్టడమువలన ఇప్పుడు రాజమహేంద్రవరమునుండి నీటిమార్గమున పోవుటకు వీలు లేదు. రోడ్డుమీద గండిపోచమ్మ గుడివరకు పోయి, అచటి రేవులో లాంచీ ఎక్కవలెను. భద్రాచలమువైపునుండి వచ్చువారు పోచవరమువద్ద ఎక్కుదురు. కావున ఆనాటి ప్రయాణము తెల్లవారకమునుపే ఆరంభమగును. పిల్లలు నిద్రమత్తుతో, ఆకలితో రేవు చేరుదురు. అట్టి సమయముననే మనము మిక్కిలి మెలకువగా నుండవలెను.

మొదటి ప్రశ్న నదినిగూర్చి. నది ఎట్లున్నది, గాలి ఎట్లుండును అని అడుగుటకు సిగ్గుపడరాదు. వానకాలమున ఎఱ్ఱనీరు పొంగినపుడు విహారములు ఆపివేయుదురు. నవంబరు మొదలు ఫిబ్రవరివరకు నది నెమ్మదిగా నుండును. వేసవి సాయంకాలములలో గాలివానల భయము కలదు. 2020లో ఈ మార్గమున గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరము మొదలగు చోట్ల కంట్రోలు రూములు ఏర్పడినవి. అచటివారు వద్దన్ననాడు, ఎంత సొమ్ము కట్టియున్నను, ఎంతదూరమునుండి వచ్చియున్నను, బస్సు వెనుకకు త్రిప్పవలసినదే.

రెండవది పేర్ల పట్టిక. పేరు, వయస్సు, తల్లిదండ్రుల ఫోను నంబరు వ్రాసిన పట్టికలు మూడు సిద్ధపరచితిని. ఒకటి కళాశాలలో, ఒకటి రేవులో, ఒకటి నా జేబులో. ఉబ్బసము గలవారు, మూర్ఛ వచ్చువారు ఎవ్వరో నా ప్రతిలో గుర్తు పెట్టుకొంటిని. పెద్దవారు గుర్తింపుకార్డులు తెచ్చుకొనవలెను. ఈ వ్రాతకోతలు పిల్లలకు విసుగు పుట్టించును. కాని జరుగరానిది జరిగినపుడు, ఎందరికొరకు వెదకవలెనో చెప్పగలది ఆ కాగితమొక్కటియే. కచ్చులూరు తొలినాటి గందరగోళము ఆ కాగితపు విలువను మనకు చెప్పుచున్నది.

మూడవది లెక్క. పడవకు ఎందరు ఎక్కవచ్చునో నిర్ణయమై యుండును. 1917 నాటి పాత చట్టమునకు బదులుగా 2021లో పార్లమెంటు చేసిన అంతర్దేశీయ నౌకల చట్టము ప్రకారము యంత్రముతో నడుచు పడవకు నమోదు, తనిఖీ పత్రము ఉండవలెను. నడుపువారికి యోగ్యతాపత్ర ముండవలెను. ఇవి చూపుమని అడుగుట ప్రయాణికుని హక్కు. మా లాంచీకి అరువదిమంది పరిమితి. మాకంటె ముందే పదిమంది ఎక్కి కూర్చుండిరి. మేము ఏబదినలుగురము. నలుగురు ఎక్కువ.

"నలుగురే కదండీ మాస్టారూ, అంతా పిల్లలే. సర్దుకుంటారండి" అనెను లాంచీవాడు. మర్యాదగానే అనెను. పిల్లలందరు నావైపు చూచిరి. నాకు 1998 జ్ఞప్తికి వచ్చినది. సహాధ్యాపకుని పట్టికతో లాంచీలో పంపి, ముగ్గురు విద్యార్థులతో నేను రేవులోనే నిలిచిపోతిని. రెండవ లాంచీ కదలుటకు ముప్పావుగంట పట్టినది. ముగ్గురిలో ఒకడు కోపమును అణచుకొనలేక, "నలుగురి బరువుకే మునిగిపోతుందా, మాస్టారూ?" అని అడిగెను.

"మునగదురా. మునగలేదు కదా అనే రేపు ఐదోవాణ్ణి ఎక్కిస్తారు" అంటిని.

వాడు నవ్వలేదు. ఆ సమాధానమునకు నవ్వు రానందుకు నాకు సంతోషమైనది.

నాలుగవది జాకెట్టు. దానిని ధరించుట వేరు, భుజమున తగిలించుకొనుట వేరు. పట్టీలన్నియు బిగించిన పిమ్మట పిల్లవానిని చేతులు పైకెత్తుమని, జాకెట్టును భుజములవద్ద పట్టి పైకి లాగి చూడవలెను. అది గడ్డము దాటి చెవులవరకు వచ్చినచో వదులుగా నున్నదన్నమాట. నీటిలో జాకెట్టు తేలును, పిల్లవాడు జారిపోవును. చిన్నపిల్లలకు చిన్న జాకెట్లే కావలెను. పెద్దదానిని త్రాటితో బిగించి పంపుట పనికిరాదు. మన శరీరము నీటికంటె మిక్కిలి బరువైనది కాదు. నీరు పైకి నెట్టు బలము మరికొంత తోడైనచో తల నీటిపై నిలుచును. ఆ కొంతబలమే జాకెట్టులో నున్నది. ఆర్కిమిడీసు సూత్రమును నల్లబల్లపై వ్రాయు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి పరికరము దొరకదు. ఎండగా నున్నదని, భోజనమునకు అడ్డమని, ఫొటోలో బాగుండదని దానిని తీయరాదు. దిగువరకు ఒంటిమీదనే ఉండవలెను.

ఇక ఎక్కుట. ఒడ్డునుండి లాంచీకి వేసిన బల్లమీద ఒక్కొక్కరే నడువవలెను. సంచి వీపున నుండి, రెండు చేతులు ఖాళీగా నుండవలెను. దూకరాదు. ఎక్కినవెంటనే తలుపు లెచట నున్నవో, కిటికీ లెట్లు తెరచుకొనునో, రబ్బరుచక్రము లెచట వ్రేలాడుచున్నవో పిల్లలచేత చూపింపవలెను. వాన వచ్చినను తడియుటయే మేలు, తలుపులు బిగించుకొనరాదు. మంటూరు నేర్పిన పాఠమిది.

ఇరుప్రక్కల సమానముగా కూర్చుండుటయు ముఖ్యమే. సగటున మనిషి అరువదికిలోల బరువనుకొన్నచో, పదిమంది ఒక్కసారిగా ఒక అంచునకు పరుగెత్తినపుడు ఆరుక్వింటాళ్ళ బరువు ప్రక్కకు జరిగినట్లే. పై అంతస్తులో నిలిచియున్నవారు అట్లు చేసినచో ప్రమాదము మరింత హెచ్చును; బరువు ఎంత ఎత్తున నున్న, పడవ అంత తేలికగా ఒరగును. కావున "అదిగో పాపికొండలు!" అని ఉపాధ్యాయుడు కేక వేయరాదు. నిదానముగా చెప్పిన చాలును. కొండలు ఎచటికిని పోవు.

ఈ గంట గడచిన పిమ్మట పడవ కదలినది. ముంపునకు లోనై జనులు విడిచిపోయిన ఊళ్ళు కొన్ని మార్గమున కనబడినవి. పిల్లల మాటలు ఆ కొంతసేపు తగ్గినవి. పిమ్మట కొండలు దగ్గరకు వచ్చినవి. రాజమహేంద్రవరమువద్ద రెండు కిలోమీటర్లకు మించిన వెడల్పుతో పరచుకొన్న గోదావరి ఇచట కొన్ని వందల మీటర్ల సందులో ఒదిగిపోవును. అంత నీరు ఇంత ఇరుకున పోవలెనన్న లోతుగానైనను పోవలెను, వేగముగానైనను పోవలెను. పైకి నిశ్చలముగా కనబడుటయే ఆ లోతునకు గుర్తు. స్త్రీ తలపై తీర్చిన పాపిటవలె నది కొండలను చీల్చుకొనిపోవుటచే పాపిటికొండలని పేరు వచ్చి, అదియే పాపికొండలైనదని పెద్దలు చెప్పుదురు. 1998లో చూచిన కొండలే అవి. నేనే వేఱుగా చూచితిని. ఆనాడు అందమును చూచితిని. ఈనాడు ఆ అందము క్రింది నీటిని కూడ చూచితిని. అందము తగ్గలేదు.

పేరంటాలపల్లిలో శివాలయమువద్ద రెండు లాంచీల పిల్లలు కలిసికొనిరి. కొండరెడ్ల వెదురుబొమ్మల దుకాణములముందు గుంపులు గట్టిరి. రేవులో నామీద అలిగిన కుఱ్ఱవాడు ఒక వెదురుపడవను కొని, దానిలో ఎన్ని వేరుసెనగగింజలు వేసిన అది ప్రక్కకు ఒరగునో నీటియంచున కూర్చుండి లెక్క చూచుచుండెను. నేను చూచినట్లు వానికి తెలియదు.

ప్రొద్దుగ్రుంకకమునుపే గండిపోచమ్మ రేవునకు తిరిగివచ్చితిమి. పిల్లలు జాకెట్లు విప్పి కుప్పవేసిరి. చెమటతో తడిసి, అట్టలు గట్టి, వాసనగొట్టుచున్న ఆ కుప్పను చూచి, మోకుతో కట్టిన పాతమూటను తలచుకొంటిని. పట్టిక చేతపట్టుకొని ఒక్కొక్క పేరే పిలిచితిని. "ఉన్నానండి", "ఉన్నానండి" అని పిల్లలు పలుకుచుండిరి. ముప్పదియేండ్లుగా ప్రతిదినము హాజరు పిలుచుచునే యున్నాను. ఆ పలుకునకు అర్థ మేమో ఆ సాయంకాలము తెలిసినది. ఏబదిరెండవ పేరుకు ఎదుట గీటు పెట్టి, బస్సు ఎక్కుమంటిని.

ఆ రాత్రియే నా పాత విద్యార్థికి ఫోను చేసి, బాకీ తీర్చుచున్నాననియు, వ్రాసి పంపుచున్నాననియు చెప్పితిని.