కెప్టెన్ నెమో: అంతర్ముఖుడా, ఆర్తుడా?

నాయకులను తెగలుగా విభజించి చూచుట మనకు క్రొత్త గాదు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయము నాయక ప్రకరణముతోనే ఆరంభమగును. ధీరోదాత్తుడు మొదలగు నాలుగు పేర్లు సాహిత్య విద్యార్థులకు కంఠస్థములు. స్విట్జర్లండు మనస్తత్త్వవేత్త కార్ల్ గుస్టావ్ యుంగ్ 1921లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి విభాగమును కావ్యనాయకులకు గాక సామాన్య మానవులకే కల్పించెను. మనస్సు బాహ్యలోకము వైపు ప్రసరించువాడు బహిర్ముఖుడు. తనలోనికి మరలువాడు అంతర్ముఖుడు. ఆలోచన, హృదయానుభూతి, ఇంద్రియజ్ఞానము, అంతఃస్ఫురణ అను నాలుగింటిలో ఒకటి ప్రతివానియందును ప్రధానమై యుండును. ఇట్లు ఎనిమిది ప్రకృతులు ఏర్పడినవి. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ వీనిని పదునారుగా పెంచిరి.

వైజ్ఞానిక కల్పనా సాహిత్యమున ఈ కొలబద్దకు చక్కగా ఒదుగు పాత్ర ఫ్రెంచి నవలాకారుడు జూల్ వెర్న్ సృష్టించిన కెప్టెన్ నెమో. 1869-70లో వెలువడిన 'సముద్రగర్భమున ఇరువది వేల లీగులు' నవలలో అతడు నాటిలస్ అను జలాంతర్నౌకకు అధిపతి. లాటిను భాషలో నెమో యనగా 'ఎవడును కాడు' అని అర్థము. తన పేరునే తుడిచివేసికొన్నవాడన్నమాట. నౌకలో 12,000 సంపుటములు కలవు. నాటిలస్ తొలిసారి నీట మునిగిన నాటితోనే తనకు లోకము అంతమైనదని అతడు ప్రొఫెసర్ అరొన్నాక్స్‌తో చెప్పును. సకల శాస్త్రములు గల ఆ భాండాగారమున అర్థశాస్త్ర గ్రంథము మాత్రము ఒక్కటియు లేదు. (ఆ ఒక్క కారణమున అతనిని మెచ్చుకొను పాఠకులు లేకపోలేదు.) తీరిక వేళల ఒంటరిగా ఆర్గన్ వాయించుకొనును. యుంగ్ చెప్పిన అంతర్ముఖ ఆలోచనా ప్రకృతికి ఇంతకంటె ఉదాహరణము కావలెనా?

యుంగ్ మరియొక మాట కూడ చెప్పెను. ఆలోచన ప్రధానమైనవానిలో హృదయానుభూతి అడుగున పడి, మోటుగా, పసితనముతో మిగిలిపోవును. అణచినకొలది ఒకనాడు కట్టలు తెంచుకొనును. నవల చివర నెమో ఒక యుద్ధనౌకను తన ఓడ ముక్కుతో చీల్చి, మునిగిపోవు మనుష్యులను చూచుచు నిలుచును. పిమ్మట తన గదిలోనికి పోయి, ఒక యువతియు ఇద్దరు పసిబిడ్డలును గల చిత్రపటము ముందు మోకరిల్లి వెక్కి వెక్కి యేడ్చును. ఇంతవరకు గెలుపు సిద్ధాంతమునదే.

అయితే ఆ పటములోని స్త్రీ యెవరు? ఆ ప్రశ్నను సిద్ధాంతము అడుగదు. సమాధానము 1874-75లో వచ్చిన 'రహస్య ద్వీపము' నవలలో నున్నది. నెమో అసలు పేరు డక్కర్, బుందేల్ఖండు రాజకుమారుడు. పదవయేట విద్యకై ఐరోపాకు పంపబడి, ముప్పదవయేట, 1849లో స్వదేశమునకు మరలి, వివాహమాడి, ఇద్దరు బిడ్డలకు తండ్రి యయ్యెను. 1857 విప్లవమున ముందువరుసలో నిలిచి పోరాడెను. భార్యాబిడ్డలను, దేశమును కోల్పోయిన పిదపనే ఇరువదిమంది అనుచరులతో నీటిలోనికి దిగెను. (బుందేల్ఖండు రాజకుమారునికి మైసూరు టిప్పు సుల్తానుతో చుట్టరికము కలిపిన వెర్న్‌కు మన చరిత్రతో గల పరిచయ మెంతటిదో తెలియుచునే యున్నది, క్షమింతము.) వేలమంది నడుమ కత్తి పట్టినవాడు పుట్టుకతో అంతర్ముఖుడనుట యెట్లు?

మొదటి నవలలోనే జాడలు కలవు. లోకము అంతమైనదన్నవాని గది గోడలపై వాషింగ్టన్, లింకన్, పోలండు వీరుడు కోష్యూస్కో మొదలగువారి పటములు వ్రేలాడుచుండును. సింహళ తీరమున ముత్యములకై మునిగిన పేదవానిని సొరచేప నోటినుండి తప్పించి, అతని చేతిలో ముత్యముల సంచి నుంచును. తిరుగుబాటు చేసిన క్రీటు ద్వీపవాసులకు బంగారమును రహస్యముగ పంపును.

సిద్ధాంతపక్షమువారికి ఒక బలమైన వాదము లేకపోలేదు. వెర్న్ మొదట నెమోను రష్యాపై పగబూనిన పోలండు ప్రభువుగా తలపోసెను. రష్యాలో పుస్తకములు అమ్ముడుపోవని ప్రచురణకర్త హెట్జెల్ అభ్యంతరము చెప్పగా దేశము పేరు చెప్పక విడిచెను. పోలండువాడైనను భారతీయుడైనను నెమో స్వభావము మారలేదు గదా అని వారందురు. నిజమే. కాని మారనిది స్వభావ మొక్కటియేనా? ఉభయత్ర అతడు దేశము పోయినవాడు; రచయిత మనస్సున చెదరక నిలిచినది ఆ గాయము.

'రహస్య ద్వీపము'లో నెమో వృద్ధుడు, ఒంటరి. దీవిలో చిక్కుకొన్నవారికి పనిముట్లు, జ్వరమునకు క్వినైను, తన ఉనికి తెలియనీయక అందించుచుండును. మరణము సమీపించినప్పుడు టెలిగ్రాఫు తీగ ద్వారా వారిని పిలిపించుకొని, తన గాథనంతయు వినిపించి, నాటిలస్‌నే తనకు సమాధిగా ముంచుడని కోరును. ఏకాంతమే స్వభావమైనవానికి అంత్యకాలమున అపరిచితులను పిలిచి తన పేరు చెప్పుకొనవలసిన పని యేమి?